చీర వెనక నుంచి అమ్మ మాట

చిన్నప్పుడు మా ఇంట్లో మాటలు మోసే పని నాది...

బాపు వాళ్లు మగ్గాల పనికి వలసొచ్చిన పాండేసరలో మాకు ఒకటే గది. మేము, పెద్దబాపు వాళ్లు కలిసే ఉండేవాళ్లం. మధ్యలో దండెం మీద మిల్లులో పాడైన చీర ఒకటి వేలాడేది. అదే గోడ.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. భర్త అన్నతో ఎదురుపడి మాట్లాడకూడదని మా దగ్గర మర్యాద. అందుకే అమ్మ చీర వెనక నుంచి నాకు చెప్పేది... పెద్దబాపు అన్నం తింటాడేమో అడగమని. ఆయన కూర్చున్నది మూరెడు దూరంలో. అంతా వినబడేది. అయినా నేను మళ్లీ అడగాలి. "జరసేపైనంక తింట అని చెప్పు," అని ఆయన నాకే జవాబిచ్చేవాడు.

అక్క నన్ను 'ఇంటి ఫోను' అని ఏడిపించేది. నేనూ నవ్వేదాన్ని. ఏం నవ్వో!

అక్క ఏడో తరగతికి వచ్చిన ఏడు, ఒక మధ్యాహ్నం పెద్దబాపు కంచం ముందే తేల్చేశాడు. ఇక బడి చాలట. ఇంట్లో కూర్చుని చీరలకు మెరిసే రాళ్లు అంటించాలట.

బాపు అన్నం కలుపుతున్నాడు. కలిపిందే కలుపుతున్నాడు... మగ్గాల చప్పుడును మించి అరిచే మనిషి, అన్న ముందు నోరు విప్పలేదు.

చీర వెనక నుంచి అమ్మ అంది. "చెప్పు బిడ్డా. పోరి బడి మానది అని చెప్పు."

చెప్పాను. గట్టిగానే చెప్పాను.

పెద్దబాపు నవ్వాడు. "గింత పోరి నాకు చెప్తది సూడు," అని నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి చేయి కడుక్కున్నాడు.

అంతే. నా నోట్లోకి రాగానే అమ్మ మాట చిన్నపిల్ల మాట అయిపోయింది. ఈ మర్యాద ఎవడు పెట్టాడో గానీ, బాగా ఆలోచించే పెట్టాడు.

అక్క పుస్తకాల సంచి ఆ దండేనికే చాలా రోజులు వేలాడింది...

అక్క ఇప్పుడూ రాళ్లే అంటిస్తోంది. కూతురితో మా దగ్గరే ఉంటుంది. ఆ పిల్లా ఏడో తరగతికి వచ్చింది. మొన్న ఆదివారం పెద్దబాపు వచ్చాడు. మనిషి ముసలివాడయ్యాడు, నోరు కాలేదు. పిల్లను చూసి మళ్లీ అదే పాట... బడి మాన్పించి పనిలో కూర్చోబెట్టమని.

ఇప్పుడు మధ్యలో చీర లేదు. అమ్మ ఆయనకు ఎదురుగానే ఉంది. అయినా కొంగు సర్దుకుని నా వైపే తిరిగింది. "చెప్పు బిడ్డా..."

నాకు ఒళ్లు మండింది. "నేను చెప్ప. నీ నోటితోటే చెప్పు," అన్నాను.

అమ్మ కొంగు వదిలేసింది. తర్వాత తలెత్తింది. "బావా, పోరి బడి మానది."

ఆయన మొహం మాడిపోయింది. అప్పుడు కూడా అమ్మను చూడలేదు. నాతో అన్నాడు, "మీ అమ్మకు జర చెప్పు..."

"ఈడనే ఉన్నది పెద్దబాపూ. ఆమెకే చెప్పు."

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. సోమవారం పిల్ల బడికి పోయింది.

సంతోషించాలి కదా... నాకు కోపమే ఎక్కువైంది. ఇంత చిన్న మాట, అప్పుడే అమ్మ నోటితో వచ్చి ఉంటే! పక్కన రాళ్లు అంటిస్తున్న అక్క తలెత్తలేదు. చేతులు మాత్రం ఆగిపోయాయి...

మీ ఇళ్లలో ఎవరి మాట ఎవరు మోసేవాళ్లు? రాయండి. ఇంకా మోస్తుంటే మాత్రం, ఇవాళే దించేయండి.