మే రాకముందే

మా నాన్నను వీధిలో అందరూ ‘రిజిస్టరు’ అనేవాళ్ళు. మునిసిపల్ ఆఫీసు రికార్డు గదిలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాడు. మనిషి ఎదురుగా నిలబడితే, “బతికున్నట్టు కాగితం ఏదీ?” అని అడిగే రకం. కాగితం చూపిస్తే మాత్రం కళ్ళకద్దుకుంటాడు.

నేను దర్జీ షాపులో గుడ్డ కత్తిరిస్తాను. కాదు, కత్తిరించేదాన్ని. ముప్పై మూడో ఏట ఓ ఉదయం చేతిలోంచి కత్తెర జారింది. తర్వాత కాలు మొద్దుబారింది, ఓ కన్ను మసకేసింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే నరాల మీది పొరను కొరికేస్తుందట. కంచే చేను మేయడమంటే ఇదే.

ఎందుకొచ్చిందంటే డాక్టర్లు కూడా చెప్పలేకపోయారు. నాన్నకు మాత్రం పేపర్లో ఓ మూల జవాబు దొరికింది. మేలో పుట్టినవాళ్ళకు ఈ జబ్బు కాస్త ఎక్కువట, నవంబరులో పుట్టినవాళ్ళకు కాస్త తక్కువట. చలికాలంలో తల్లికి ఎండ చాలకపోవడం వల్ల కావచ్చునట. ‘కాస్త’, ‘కావచ్చు’ అన్న ముక్కలు ఆయన కంటికి ఆనలేదు. బీరువాలోంచి నా స్కూలు సర్టిఫికెట్ తీశాడు. మే పన్నెండు.

“చూశావా! నేను చెప్పలా?” అన్నాడు సంబరంగా. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పటికి మా చెల్లి కడుపుతో ఉంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు నిలిచిన కాన్పు. మే ఆఖరున పురుడు.

“మే దాకా ఆగొద్దు. నెల ముందే ఆపరేషన్ చేయిద్దాం,” అన్నాడు నాన్న.

డాక్టరమ్మ తిట్టినంత పని చేసింది. “వేలమందిలో ఎవరికో వచ్చే జబ్బండీ అది! దానికోసం నెలలు నిండని బిడ్డను బయటికి లాగుతారా?”

ఆయన వింటేగా! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అడిగిన తేదీకి కోసిచ్చే ఆసుపత్రి ఒకటి వెతికి పట్టుకున్నాడు.

చెల్లి ఒప్పుకోదనుకున్నాను. ఆ రోజు నేను గోడ పట్టుకుని బాత్రూముకు వెళ్తుంటే చూస్తూ కూర్చుంది.

“అక్కా, నా బిడ్డ ఇలా నడవకూడదే,” అంది.

వద్దని అరవాల్సినదాన్ని. రోషమొచ్చి, “నీ ఇష్టం తల్లీ,” అనేశాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన మగబిడ్డ పుట్టాడు. ఊపిరి అందలేదు. అద్దాల పెట్టెలో నాలుగు రోజులు కొట్టుకుని మే రెండున పోయాడు.

పరామర్శకు మేనత్త వచ్చింది. మా చిన్నప్పుడే పోయిన అమ్మకు రెండు పురుళ్ళూ పోసింది ఆవిడే. ఈ మే గోలంతా విని ముక్కున వేలేసుకుంది.

“పెద్దది మేలో పుట్టడమేమిట్రా? అప్పుడు వణికించే చలి. బిడ్డ చల్లబడిపోతుందని నా శాలువా చుట్టాను. నువ్వు ఊళ్ళోనే లేవు. బళ్ళో చేర్చడానికి ఆర్నెల్లు వయసు తక్కువైందని, మాస్టార్ని బతిమాలి మే అని రాయించావు కదరా!”

పక్కనే చెల్లి, పాలు పొంగకుండా రొమ్ములకు కట్టిన గుడ్డను బిగించుకుంటోంది. దాని చేతులు ఆగిపోయాయి.

నాన్న లేచి, బీరువా తెరిచి, సర్టిఫికెట్ తెచ్చి అత్త ముందు పెట్టాడు.

“నువ్వే మరిచిపోయుంటావక్కా,” అన్నాడు. “ఇందులో మే అనే ఉంది.”