తోకలో పావుకిలో పుట్టీ

మా బంధువులకు ముందుగా ఒక మనవి. మా పెద్దబావ తయారుచేసిన యుద్ధవిమానం చెరువులో పడ్డ కథ ఏ పెళ్లిలోనో, ఏ బారసాలలోనో మీరు నా నోట వినే ఉంటారు. (వినలేదంటే ఆ రోజు మీరు మొదటి పంక్తిలోనే తినేసి వెళ్లిపోయి ఉండాలి.) బావ రిమోట్ పట్టుకోవడం, ఆయన చేతులు వణకడం, విమానం తాగినవాడిలా తూలడం, చివరికి గేదెల పక్కన దబ్బున పడటం, ఇదంతా లేచి నిలబడి అభినయించి మరీ చెప్పేవాణ్ని. పాతికేళ్లుగా చెబుతున్నాను. అందులో ఒక ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. బావ చేతులు వణకలేదు. ఆ విమానాన్ని ముంచింది ఆయన కాదు, నేను.

ఇరవై మూడేళ్ల వయసులో కొందరికి ఒక వింత జబ్బు ఉంటుంది. ఎవరో ఏళ్ల తరబడి చేసిన పని పక్కన అరగంట నిలబడితే చాలు, అది తామే చేసినట్టు అనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు ఆ జబ్బు బాగా ముదిరి ఉండేది. అంతకు రెండేళ్ల ముందు ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికి, సీతాఫల్‌మండిలో మా అక్కావాళ్లింట్లో మకాం పెట్టాను. గల్లీ మొదట్లో బావకు గడియారాల రిపేరు దుకాణం ఉండేది. కంటికి భూతద్దం తగిలించుకుని, లేడీస్ వాచీలోని ఆవగింజంత స్క్రూను పట్టకారుతో ఎత్తుతుంటే, ఆయన ఊపిరి తీస్తున్నాడో లేదో తెలిసేది కాదు. చుట్టుపక్కల దుకాణాలవాళ్లు తమ దగ్గర బాగుకాని వాచీలను ఆయన దగ్గరికే పంపేవారు. ఆదివారం వస్తే మాత్రం దుకాణానికి తాళం వేసి, కాప్రా చెరువు అవతలి బీడులో నలుగురు స్నేహితులతో కలిసి రిమోట్ విమానాలు ఎగరేసేవాడు.

అన్నీ మూడు నాలుగు అడుగుల చిన్న విమానాలే. ఒకనాడు ఉన్నట్టుండి బావ మనసు పెద్దదానిమీదికి పోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు నడిపిన హరికేన్ అనే ఫైటర్ విమానం. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరికి ఏడడుగులు, బరువు తొమ్మిది కిలోలు. ముందు భాగంలో చెట్లు కోసే రంపం తాలూకు పెట్రోల్ ఇంజన్. మేడమీద గదిలో ఏడాదిన్నర పట్టింది. పుల్లలు కోసింది బావ, అతికించింది బావ, వైర్లు కలిపింది బావ. నాకు అప్పగించిన శాఖ సాండ్ పేపర్.

"బావా, ఈ ఒక్క పుల్ల నేను కోస్తా," అని బతిమాలేవాణ్ని.

"నువ్వు గీకు. కోసుడు నేను జూస్కుంట," అనేవాడు బావ, తల ఎత్తకుండానే.

నేను మాత్రం ఆఫీసులో "మా విమానం" అని మొదలుపెట్టి, రెండు నెలల్లో "నా విమానం" దాకా వచ్చేశాను.

రేపు ఆదివారం ఎగరేస్తామనగా శనివారం పొద్దున బావ బరువు చూశాడు. ఈ విమానాలవాళ్లకు ఇదొక పెద్ద తతంగం. రెక్కల కింద గుర్తులు గీసి ఉంటాయి. అక్కడ ఇద్దరు చెరోవైపు వేళ్లతో ఎత్తితే విమానం ముక్కు కాస్త కిందికి వంగి నిలబడాలి. నిలబడేదాకా బావ, టైర్ల దుకాణంలో చక్రాలకు కొట్టే సీసం ముక్కలు ఒక్కొక్కటే తెచ్చి ముక్కులో పెట్టాడు.

"తరాజు లెక్కరా ఇది," అన్నాడు. "ముక్కు జెర్ర బరువుంటే చెప్పినట్టు వింటది. తోక బరువైందనుకో, ఇగ ఎవ్వని మాట వినది."

సరిగ్గా అప్పుడే అక్క కుంకుమ భరిణెతో పైకి వచ్చింది. కొత్త బండికి పెట్టినట్టు బొట్టు పెడదామని. బావ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"బరువు జూసినంక దీనికి బొట్టు సుత పెట్టొద్దు!"

"గింత కుంకుమకు కూలిపోతదా నీ విమానం?" అంది అక్క.

"అయితే ముక్కుకు పెట్టు. తోక దిక్కు మాత్రం పోకు."

అక్క ముక్కుకు బొట్టు పెట్టింది. బావ దుకాణానికి వెళ్లాడు. మేడమీద నేనూ, విమానమూ, ఆఫీసులో ఒకాయన దగ్గర అడిగి తెచ్చుకున్న కెమెరా మిగిలాం.

కెమెరాకు టైమర్ ఉంది. దాన్ని నీళ్ల డ్రమ్ము మీద పెట్టి, బటన్ నొక్కి, పరుగెత్తుకొచ్చి, యుద్ధం నుంచి అప్పుడే తిరిగొచ్చిన పైలట్‌లా బల్లమీదున్న విమానం తోకమీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాను. మోచెయ్యి కింద అప్పడం విరిగినట్టు చప్పుడైంది. (ఆ ఫొటోలో నా నోరు బార్లా తెరిచి ఉంటుంది. ఆఫీసులో అందరూ అది గర్వమనుకున్నారు.) చూద్దును కదా, తోక రెక్క మొదట్లో పగిలి, దాని ముందు భాగం చెయ్యి పట్టేంత లోపలికి కుంగిపోయింది. బావ భోజనానికి రావడానికి మూడు గంటల టైముంది. నిజం చెప్పడానికి మూడు నిమిషాలు చాలు. నాకు ఆ ఆలోచనే రాలేదు. గల్లీ చివర కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే చాచా గుర్తొచ్చాడు.

చాచా డబ్బాతో వచ్చి, విమానం చుట్టూ ఒకసారి తిరిగి, తోకను కారు డోరు తట్టినట్టు తట్టాడు.

"ఫికర్ జెయ్యకు బేటా. లారీ గుద్దిన అంబాసిడర్‌కే సూరత్ మార్చిన. గిదెంత?"

కార్ల సొట్టలు పూడ్చే పుట్టీ పెట్టాడు. ఒక పొర ఆరాక ఇంకో పొర. మధ్యలో ఆగి, "ఇంకింత పెట్టమంటవా? మజ్బూత్ ఉంటది," అన్నాడు. "పెట్టు చాచా, పెట్టు," అన్నాను. బరువు అన్న మాట అప్పటికి నా బుర్రలో లేదు. గీకి, మిగిలిన ఆకుపచ్చ, మట్టి రంగులు పూసేసరికి, ఎక్కడ పగిలిందో నాకే కనబడలేదు. చాచా డబ్బా మూత పెడుతుంటే చూశాను. నిండుగా తెచ్చిన పావుకిలో డబ్బా అడుగు కనిపిస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది కుంకుమ.

మధ్యాహ్నం బావ వచ్చి తోకమీద చెయ్యి వేసి నిమిరాడు. "మస్తు నున్నగ గీకినవ్‌రా తోకను! గిట్ల గీకుతవని అనుకోలే," అన్నాడు. ఏడాదిన్నరలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. మెచ్చుకున్నవాడికి ఇక ఏమని చెప్పేది?

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటోలో బయల్దేరాం. "ఏ మండపంల పెడ్తున్నరన్నా?" అని దారిలో ముగ్గురు అడిగారు, వినాయక చవితి సెట్టింగనుకుని. ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ తోకవైపు పట్టుకునే గౌరవం నేను ఎవరికీ దక్కనివ్వలేదు. బీడులో బావ స్నేహితులు నలుగురూ వచ్చారు. వాళ్లలో పెద్దాయన్ని మేం సుబేదార్ అని పిలిచేవాళ్లం. ఆయన మిలిటరీలో పనిచేశాడో లేదో తెలియదు, మీసం మాత్రం చేసినట్టే ఉండేది. అక్క పులిహోర డబ్బాతో చాపమీద కూర్చుంది.

రెక్కలు బిగించాక బావ నావైపు చూశాడు. "ఇంకొక్కసారి బరువు జూద్దామారా? వచ్చేటప్పుడు కుదుపులకు సీసం గిట్ల కదిలిందేమో."

పాతికేళ్లుగా నా చెవుల్లో మోగుతున్న మాట ఇదే. "జూద్దాం బావా" అంటే సరిపోయేది. ఎత్తగానే తోక కిందికి దిగేది. నేను నాలుగు తిట్లు తిని, పులిహోర తిని, ఇంటికి వచ్చేవాణ్ని.

"నిన్ననే జూసినం గద బావా. ఎండ ముదురుతుంది," అన్నాను.

బావ నా మాట నమ్మాడు. ఇంజన్ గర్జించింది. విమానం పరుగెత్తింది. తోక నేల వదలదే! వదలదు, వదలదు అనుకుంటుండగానే ఒక్క ఉదుటున నిట్టనిలువుగా లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. "ముక్కు దిగుతలేదురా!" అని అరిచాడు బావ. ఆకాశంలో హరికేన్ బెదిరిన గుర్రంలా ముందుకాళ్లెత్తి, కూలబడి, మళ్లీ ఎత్తి, అలాగే చెరువు చుట్టూ ఒక రౌండు తిరిగింది. బావ ముఖంమీద చెమట కారుతోంది, బొటనవేళ్లు మాత్రం వెంట్రుకవాసి చొప్పున కదులుతున్నాయి. రెండో రౌండు కూడా తిరిగింది. దించడానికి బీడువైపు మళ్లించాడు. ఆ మలుపులో అది గాల్లో ఒక్క క్షణం ఆలోచించి, ఎండుటాకులా గిరగిరా తిరుగుతూ చెరువు అంచున గుర్రపుడెక్కలో పడింది. పక్కనే రెండు గేదెలు తలతిప్పి చూసి మళ్లీ మేతలో పడ్డాయి.

"తోక తెండి! ముందుగాల తోక జూడాలె!" అని బావ గట్టుమీదనుంచి కేకేశాడు. అందరికన్నా ముందు నేను దూకాను. (ఎంత అభిమానమో అనుకున్నారట.) తోక దొరికింది. చాచా పుట్టీ పెచ్చులూడి తెల్లగా మెరుస్తోంది. దాన్ని నీళ్లలోకి తొక్కాను. విమానాల చెక్క బెండులాంటిది, ఎంత పుట్టీ పూసినా మునగదు. కాలు తీయగానే చటుక్కున పైకి వచ్చింది. మళ్లీ తొక్కాను. ఇటు రెండు చేతులతో గుర్రపుడెక్కలో వెతుకుతున్నట్టు నటన, అటు కాలికింద తోకతో కుస్తీ.

"దొరికిందారా?"

"లేదు బావా!"

"నీ కాళ్ల కాడ జూడు!"

"కాళ్ల కాడ ఏం లేదు బావా!"

చివరికి ఒక రాయి తగిలితే, తోకను దానికిందికి తోసేశాను. మిగతా ముక్కలన్నీ గట్టుకు చేర్చాం. సుబేదార్ మీసం దువ్వుతూ తీర్పు చెప్పాడు: "మెషిన్ల ఏం నుక్స్ లేదు. చెయ్యి తప్పింది. వాచీలు వేరు, విమానాలు వేరు." అక్క "పోనీ, ఎవ్వలకు తాకలే, గదే పదివేలు," అంది. బావ రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఆ సాయంత్రం రిమోట్‌ను గుడ్డలో చుట్టి అటకెక్కించాడు. అంతటితో ఆగితే నేను ఇది రాసేవాణ్ని కాదేమో. నెల తిరిగేసరికి లేడీస్ వాచీలు వస్తే, "ముందటి దుకాణంల అడుగున్రి, నా చెయ్యి ఆగుతలేదు," అని పంపించేయడం మొదలుపెట్టాడు. ఆయన చెయ్యి ఆగుతూనే ఉంది. నేను రోజూ చూసేవాణ్ని. దాన్ని నమ్మడం ఆయనే మానేశాడు. మెల్లగా ఆ దుకాణం గోడ గడియారాలకు సెల్లులు మార్చే చోటుగా మిగిలింది. నేను మొదటి వారం భయంతో నోరు మూసుకున్నాను, తర్వాత సిగ్గుతో. ఆ తర్వాత ఎవరి పెళ్లిలోనో ఈ కథ చెబితే జనం పడీపడీ నవ్వారు. నవ్వు పుట్టించే అబద్ధం ఇక అబద్ధంలా కనిపించదు. చేతులు వణికే అభినయం అప్పుడే చేర్చాను.

పోయిన నెల బొల్లారంలో ఒక నిశ్చితార్థం. భోజనాలయ్యాక మామూలుగానే లేచి చేతులు వణికించాను. అందరూ నవ్వారు. మా పెదనాన్న మునిమనవడు బావవైపు తిరిగి, "నిజమేనా తాతా?" అన్నాడు. బావ కూడా నవ్వుతూనే, "నిజమే బిడ్డా. గా దినంతోనే నా చెయ్యి ఖరాబైంది," అని, నీళ్ల గ్లాసు కింద పెట్టి, కుడిచేతిని మెల్లగా బల్ల కిందికి తీసుకున్నాడు. నా కథకు అంత నవ్వు ఎప్పుడూ రాలేదు. కూర్చుంటే మాత్రం కుర్చీ గుచ్చుకుంది.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి దుకాణానికి వెళ్లాను. ఫొటో, మోచెయ్యి, చాచా, "నిన్ననే జూసినం గద", కాలికింద తోక, అన్నీ వరుసగా చెప్పేశాను. వింటున్నంతసేపూ ఆయన కంటికున్న భూతద్దం తీయలేదు. ఇంతేసి పెద్ద కన్ను ఒకటి, మామూలు కన్ను ఒకటి నన్నే చూస్తుంటే, కోపం ఏ కంట్లో ఉందో తెలియలేదు.

"ఎంత పెట్టిండు?" అన్నాడు చివరికి.

"ఏంది బావా?"

"పుట్టీరా. చాచా ఎంత పెట్టిండు?"

"పావుకిలో ఉంటది."

"తోకలనా?"

"తోకలనే. చిట్టచివర."

బావ భూతద్దం తీశాడు. పాత క్యాలెండర్ వెనక విమానం బొమ్మ గీసి, ఏవో కొలతలు వేసి, కొట్టేసి, మళ్లీ వేశాడు. పెన్ను కింద పెట్టాడు.

"ముక్కు కంటె తోక మూడింతల దూరం. ముక్కులకెంచి ముప్పావుకిలో సీసం పీకేసినట్టే గదరా!"

"అవ్ బావా."

"గసోంటి దాన్ని నేను రెండు రౌండ్లు తిప్పిన్నా?"

"తిప్పినవ్ బావా."

"లేవొద్దురా అది! లేస్తే అక్కడికక్కడ్నే కూలాలె! ఎవ్వడు తిప్పుతడు? సుబేదార్ తిప్పుతడా? వాని తాత తిప్పుతడా?" అని లేచి నిలబడి, అక్కకు ఫోన్ చేశాడు. "ఏమే, ఇన్నవా? రెండు రౌండ్లు తిప్పిన్నే నేను! మీ తమ్ముడు తోకల పావుకిలో పుట్టీ నింపినంక సుత!"

అక్కకు ఈ లెక్కలేవీ పట్టలేదు. "ఏం నింపిండు? ఎవడు, వాడా? పాతికేండ్లు నా చేతి బువ్వ తినుకుంట నోరు మూస్కున్నడా? ఫోన్ వానికియ్యి!" అన్న కేక వీధిదాకా వినిపించింది. బావ ఇవ్వలేదు. ఫోన్ పెట్టేసి, "రెండో రౌండ్ల కుడిరెక్క వంగితే లేపిన, యాదుందా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఈ సందట్లో నేను రెండుసార్లు "తప్పయింది" అన్నాను. ఆయన వినలేదు. అప్పుడు ఆయన గాల్లోనే ఉన్నాడు.

కాసేపటికి నేలమీదికి దిగాడు. స్టూలుమీద కూర్చుని, అరచేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. "పాతికేండ్లు వీటినే తిట్టుకున్న గదరా," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. నాలోని ఆ ఇరవై మూడేళ్లవాడైతే ఇక్కడ ఒక జోకు వేసి జారుకునేవాడు. వాడికి జారుకోవడమే వచ్చు. నలభై ఎనిమిదేళ్ల నాకు ఒక్క జోకూ తోచలేదు. బల్ల ఇవతలనుంచే ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను.

"తప్పయింది బావా. నీ చేతులకు ఏం గాలే. ఎన్నడూ ఏం గాలే."