ఏడో నంబరు పాయింటు

ఈ భూమ్మీద రైళ్లున్న దేశాలన్నీ మా తాత ఎల్లస్వామి దగ్గరికి వచ్చి పని నేర్చుకుని పోవాలి. ఆయన చేతిలో ఇప్పటివరకు ఒక్క రైలు కూడా పట్టాలు తప్పలేదు.

ముప్పై నాలుగేళ్లు ఆయన కాజీపేట కేబిన్‌లో లివర్లు లాగాడు. లివర్ లాగితే కింద పాయింటు కదులుతుంది, రైలు ఒక లైను మీంచి ఇంకో లైనుకు మళ్లుతుంది. రిటైరైన రోజు స్టేషన్ మాస్టర్ రాజేశ్వర్ రావు సార్ దండ వేసి, "ఎల్లస్వామి చేతుల ఒక్క బండి పడలే" అన్నాడట. దండ మూడు రోజులకు వాడిపోయింది. ఆ మాటను మాత్రం తాత పాలవాడి నుంచి పళ్ల డాక్టరు దాకా అందరికీ చెప్పాడు. డాక్టరుకైతే నోరు తెరిచి ఉన్నప్పుడే చెప్పాడు.

ఇప్పుడు హనుమకొండలో మా మేడ మీది గదిలో, రెండు ప్లైవుడ్ చెక్కల మీద ఆయనకు సొంత రైల్వే ఉంది. జానెడు ఇంజను, పద్నాలుగు పాయింట్లు, అగ్గిపుల్లలంత సిగ్నళ్లు. లివర్లు లేవు, అన్నీ ఫోన్‌తోనే. వైరింగ్ చేసింది నేను. ఇంటర్ ఫిజిక్స్ రెండుసార్లు తప్పినదాన్ని నమ్మడం ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక్క సాహసం.

ఫోన్‌ను మాత్రం నమ్మడు. నేను నొక్కగానే పాయింటుకు కబురు పోతుంది, ఫోన్‌లో లైను పచ్చగా మారుతుంది. పాయింటు నిజంగా కదిలిందో లేదో ఫోన్‌కు తెలియదు. అందుకని ఒకరు పాయింటు దగ్గరికి పోయి, వంగి, కళ్లతో చూసి, "సూసిన" అని గట్టిగా చెప్పాలి. ఆ తర్వాతే సిగ్నల్. తాత మోకాళ్లు వంగవు కాబట్టి ఆ ఒకరు నేనే.

మొన్న దసరాకు రాజేశ్వర్ రావు సార్ జమ్మి ఇవ్వడానికి వస్తానని ఫోన్ చేశాడు. తాత పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"సార్ ముంగట బండి పడొద్దు," అని నాకు మూడుసార్లు చెప్పాడు.

దసరా రోజు మా నానమ్మ లక్ష్మీనర్సమ్మ ఇంట్లో ఇనుము కనిపిస్తే వదలదు. కత్తిపీటకు, మిక్సీకి, నా స్కూటీకి బొట్లు పెట్టి మేడెక్కింది. పద్నాలుగు పాయింట్లకూ తడి పసుపు పూసి, మీద కుంకుమ అద్దింది. తాత చూసి, "ఇంజనుకు మర్శినవ్," అన్నాడు. దానికీ పెట్టింది.

సాయంత్రం సార్ వచ్చాడు. తాత చేతిలో జమ్మి పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుని, కుర్చీలో కూర్చున్నాడు. నేను ఏడో నంబరు నొక్కాను.

"సూసినవా?" అన్నాడు తాత.

"ఫోన్ల పచ్చగయ్యింది తాతా."

"నేనడిగింది ఫోన్ ముచ్చట కాదు. పాయింటు సూసినవా?"

నా ఒళ్లో గారెల ప్లేటు ఉంది.

"సూసిన," అన్నాను. కూర్చున్న చోటి నుంచి ఎంత కనిపిస్తే అంత చూశాను.

తాత సిగ్నల్ ఇచ్చాడు. ఇంజను హుందాగా బయలుదేరి, ఏడో నంబరు దగ్గర ఎటు పోవాలో తేల్చుకోలేక పక్కకు ఒరిగి పడుకుంది. వెనకే మూడు పెట్టెలు.

సార్ కుర్చీలోంచి ముందుకు వంగి పడ్డ ఇంజనును చూశాడు.

"బొమ్మ బండే కద ఎల్లస్వామీ," అన్నాడు సార్. "దీనికి ఎంక్వైరీ ఉండది."

"పాయింటు నాది సార్," అన్నాడు తాత. నా వైపు చూడలేదు.

నానమ్మ ఏడో నంబరు సందులోంచి గట్టిపడ్డ పసుపును గోటితో గీకి తీసింది. "పండుగ పూట బొట్టు లేకుంట ఎట్లుంచుత?" అంది.

తాత ఆ రాత్రి గారెలు ముట్టలేదు. పాలవాడికి ఆ పాత మాట చెప్పడం మానేశాడు. అందుకే ఇది రాసి, నిన్న ఆయనకు మొదటి నుంచి చదివి వినిపించాను. కళ్లద్దాలు తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు.

"మొదలు రాసింది కొట్టెయ్యి," అన్నాడు. "ఒకటి పడ్డది. సూడకుంటనే సూసిన అన్నదెవరో పేరు పెట్టి రాయి, సింధూ."