కొసరు దెబ్బ

దయ్యాల మాటెత్తితే నవ్వే కుటుంబం మాది. తెనాలిలో మాకు స్టీలు, కంచు సామాన్ల కొట్టుంది. కంటితో చూసి, వేలితో కొట్టి, చెవితో విని తప్ప మా నాన్న ఏ సరుకూ దించుకోడు. నేనూ ఆయన కూతుర్నే. కనపడనిదాన్ని నమ్మమంటే ముందు శాంపిల్ చూపించమంటాను. అందుకే ఈ సంగతి రాయడానికి ఇంతకాలం సిగ్గుపడ్డాను.

కరోనా రోజులవి. ఐర్లండ్‌లో ఎమ్మెస్ అయ్యాక ములింగార్ దగ్గర వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఊనా అనే ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడకు అరవై దాటాయి, ఒపెరాలకు సంగీతం రాస్తుంది. చైనాలో ఉండే లిన్ టీచర్ అక్కడి సంప్రదాయ ఒపెరాలో డోలు వాయిస్తుంది, దాని మీద పాఠాలూ చెబుతుంది. ఇద్దరూ కలిసి మూడేళ్ళుగా ఒక ఒపెరా తయారుచేస్తున్నారు. సముద్రంలో భర్తను పోగొట్టుకున్న ఒక స్త్రీ కథ. పాట ఐరిష్ శోకగీతంలా సాగుతుంది. ఆమె అడుగులు మాత్రం చైనా డోలూ కంచూ చెప్పినట్టు పడతాయి.

అంతలో థియేటర్లు మూతపడ్డాయి. లిన్ టీచర్ రాలేకపోయింది. ఆమె పోస్టులో పంపిన చిన్న కంచు పళ్ళెం మాత్రం వచ్చింది. మన జేగంటకు చెల్లెలనుకోండి. ఎడమచేతి వేళ్ళమీద అంచు ఆనించుకుని, కుడిచేత్తో పలచటి చెక్కబద్దతో కొట్టాలి. బయటివాళ్ళెవరూ ఇంటికి రాకూడని రోజులు కాబట్టి కొట్టడానికి నేను తప్ప దిక్కులేదు. ఊరికే ఒప్పుకుంటే మా కొట్టు పరువేం కాను? వంటింట్లో ఎండుమిరపకాయల పోపు పెట్టుకోనివ్వాలని బేరం పెట్టాను. ఊనా "గ్రాండ్" అంది. ఘాటు సంగతి ఆవిడకప్పటికి తెలీదు పాపం.

పళ్ళెం చేతికి రాగానే అలవాటు కొద్దీ వేలితో కొట్టి చూశాను. మంచి కంచు ఒకే స్వరం మీద నిలబడాలి. ఇది మోగుతూనే పైకి జారింది. వీడియో కాల్‌లో లిన్ టీచర్‌తోనే చెప్పేశాను, "ఇది బీటలిచ్చిన సరుకండీ, వాపసు పంపించెయ్యండి" అని.

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "అలా జారడం కోసమే దాన్ని చేస్తారు. మీవాళ్ళు గిన్నెలమ్ముతారా ఏమిటి?"

అవునన్నాను. ఆనాటినుంచి నా పేరు 'గిన్నెల టీచర్'.

నాన్నకు చెబితే ఆయనా వదల్లేదు. "ఎమ్మెస్ చదివిస్తే అక్కడ పళ్ళేలు కొడుతున్నావా? ఇక్కడే కొట్టొచ్చుగదే, అమ్మడూ!"

వాళ్ళ ఒపెరాలో ముందు నిలబడి చేతులూపే మనిషి ఉండడు. డోలు దగ్గరున్నవాళ్ళు పుల్ల ఎత్తితే దాన్ని చూసి అందరూ కదులుతారు. ఇంటర్నెట్‌లో ఆ పుల్ల మాకు ఆలస్యంగా లేచేది. అందుకని లిన్ టీచర్ డోలు ముందే రికార్డు చేసి పంపి, నాకు రెండు నెలలు లెక్క నేర్పింది.

ఊరి హాల్లో ఒక్క ఉదయం రికార్డు చేసుకోవడానికి అనుమతి దొరికింది. మర్నాటినుంచి మళ్ళీ ఆంక్షలు, హాలుకు తాళం. ఆ రికార్డింగు నచ్చితే, తలుపులు తెరిచాక ఒపెరా వేస్తామని ఒక థియేటర్‌వాళ్ళు మాటిచ్చారు. ఆ పూట కుదరకపోతే మూడేళ్ళ పని అటకెక్కినట్టే.

కిటికీలన్నీ తెరిచి, నేలమీద టేపులు అంటించుకుని, దూరం దూరంగా నిలబడ్డాం. డోలు రికార్డింగు పెట్టుకున్నాం, లాప్‌టాప్‌లో లిన్ టీచర్ పుల్ల పట్టుకుని మాతోపాటే లెక్క వేస్తోంది. పాడేది డ్రోహెడానుంచి వచ్చిన షివాన్. ఒకచోట డోలు ఆగిపోతుంది. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి ఆమె అడుగేసి పాట ఎత్తుకోవాలి. మూడో అడుగుకు నా దెబ్బ. ఐదుసార్లు చేశాం, ఐదుసార్లూ షివాన్ ఆలస్యంగానే ఎత్తుకుంది. "పట్టుకోవడానికి ఏమీ లేదు ఊనా, చీకట్లో మెట్టు వెతుక్కున్నట్టుంది," అని కళ్ళు తుడుచుకుంది.

ఆరోసారి డోలు ఆగింది. అదే క్షణాన లాప్‌టాప్‌లో లిన్ టీచర్ బొమ్మ కూడా ఆగిపోయింది, పుల్ల ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండగా.

అప్పుడు నా ఎడమచేతి వేళ్ళమీద కంచు వణికింది. మెత్తగా ఒక్క దెబ్బ, మోగుతూ పైకి జారింది. నా కుడిచేతిలో చెక్కబద్ద నడుం దగ్గరే ఉంది.

షివాన్ అడుగేసింది. గొంతు సరిగ్గా ఆ స్వరం చివర్లోంచే లేచింది. మూడో అడుగుకు నా దెబ్బ నేను కొట్టాను. చివరిదాకా ఎవరూ ఆగలేదు.

తర్వాత వీడియో పది పన్నెండుసార్లు చూశాం. నా కుడిచెయ్యి కదల్లేదు. గాలేమో అనుకున్నాను. అంతకన్నా పెద్ద గాలికి ఆ పళ్ళేన్ని కిటికీలో పట్టుకుని నిలబడ్డాను, మోగలేదు. డోలు రికార్డింగులో ఉందేమో అని వెతికాను, లేదు. తెలిసిన బేరాలన్నీ ఆడాను, దేనికీ లొంగలేదు.

సాయంత్రం లిన్ టీచర్‌కు వినిపించాం. ఆవిడ మళ్ళీ ఒకసారి పెట్టించుకుని వింది. ఆ పళ్ళెం తన గురువుగారిదట. ఆయన ఆ శీతాకాలమే పోయారు, చివరిచూపుకు కూడా వెళ్ళనివ్వలేదు. కొత్త నటులు వేదిక మీదికి రావడానికి భయపడుతుంటే, ఆయన లెక్కలో లేని దెబ్బ ఒకటి మెత్తగా వేసేవారట, రా అమ్మా అన్నట్టు. "పుస్తకంలో లేదు కదా అని నేను మీకెవరికీ చెప్పలేదు," అంది.

నాన్నకు ఏమీ చెప్పకుండా ఆ ముక్క పంపాను. కొట్లో వెనక్కి తిరక్కుండానే ఏ గుమాస్తా ఏ బిందె కొట్టాడో చెప్పే చెవి ఆయనది. వెంటనే ఫోన్ చేశాడు.

"రెండోది నువ్వే, కంగారు వినపడుతోంది. మొదటిదెవరే? బాగా చెయ్యి తిరిగిన మనిషి."

థియేటర్లు తెరిచాక ఒపెరా వేశారు. లిన్ టీచర్ వచ్చి డోలు దగ్గర కూర్చుంది. ఆ చోట ఏం రాద్దామని ఊనా అడిగితే, ఖాళీగా ఉంచమంది. ఆవేళ అక్కడ ఏమీ మోగలేదు. అయినా షివాన్ తడబడలేదు, సరిగ్గా ఆ క్షణానికే అడుగేసింది. డోలు వెనక లిన్ టీచర్ నవ్వుతూ ఏడుస్తోంది.

అదెలా మోగిందో నాకిప్పటికీ తెలీదు. ఒక్కటి మాత్రం తెలుసు. గట్టిగా అడిగితేగాని మా బజార్లో ఎవరూ కొసరు వెయ్యరు. ఆ ఉదయం మేమెవరమూ అడగలేదు.