టీచరు గారి పేరు పిలిచినప్పుడు

కార్తీకమాసం, శనివారం. ఈ రోజు పొద్దున్నే నాకు మొదట వచ్చిన ఫోను టీచరు గారిది. ఎత్తాను, విన్నాను, అలవాటుగా "వస్తానండీ" అన్నాను. ఫోను ఇంకా చేతిలోనే ఉంది, అమ్మ వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"టీచరు గారు పోయారటే. తెల్లవారుజామున, ఆస్పత్రిలో."

"ఇప్పుడేగా మాట్లాడారు," అన్నాను.

అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఆ గొంతు ఎలా వచ్చిందో ముందే చెప్పేస్తాను. మా సంఘం మీటింగులకి ముందురోజు సభ్యులందరికీ, సత్రం వాచ్‌మన్‌కీ టీచరు గారే ఫోను చేసి గుర్తు చేసేవారు. ఈ ఏడాది వేసవిలో గొంతు బొంగురుపోయి ఇబ్బంది పడుతుంటే, ఆవిడ మాటలు ఒకసారి నా ఫోనులో రికార్డు చేసి, మీటింగు ముందురోజు పొద్దున వాటంతట అవే అందరికీ వెళ్ళేలా ఏర్పాటు చేశాను. కాబట్టి ఇందులో మాయేమీ లేదు. నేనే పెట్టాను, నాకే తెలుసు. అయినా ఈ రోజు ఆ మాటలు విన్నప్పటి నుంచి నా చెవి ఒకటి చల్లగానే ఉంది.

"నమస్కారమండీ. రేపు పొద్దున మన సత్రంలో మీటింగు. చెప్పులు గుమ్మం బయట వదలండి, పంతాలు కూడా అక్కడే వదలండి. ఎవరొచ్చినా రాకపోయినా నేనుంటాను."

మాట చివర ఆవిడ ఇంట్లో కుక్కరు కూత ఒకటి వినిపిస్తుంది. మళ్ళీ రికార్డు చేద్దామంటే, "ఉండనీవే, బతికున్న ఇల్లని తెలుస్తుంది" అన్నారు.

చదువుతున్న మీలో చాలామందికి ఆవిడ తెలియరు. విజయవాడలో పెద్దాసుపత్రి దగ్గర, కాలువ వైపు దిగే ఒక సందులో మా సత్రం ఉంది. కంకిపాడు నుంచో, మైలవరం నుంచో, కింద లంక ఊళ్ళ నుంచో రోగుల్ని తీసుకొచ్చినవాళ్ళు అక్కడ పడుకుంటారు, స్నానం చేస్తారు, ఇంత అన్నం వండుకుంటారు. దాన్ని నడిపే సంఘానికి టీచరు గారు అధ్యక్షురాలు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మా అపార్ట్‌మెంటులోనే పై అంతస్తు. డిగ్రీలో చేరిన కొత్తల్లో నేను లిఫ్టు దగ్గర నిలబడి పాత పత్రిక చదువుకుంటుంటే చూసి, "అక్షరాలంటే అంత ఇష్టమైతే రావే, మా మీటింగుల్లో ఏం జరిగిందో రాసిపెడుదువు" అని లాక్కెళ్ళారు. తర్వాత నన్నూ సభ్యురాలిని చేశారు.

మొదటి మీటింగులోనే భయపడ్డాను. అందరం చాపల మీద కూర్చున్నాం. టీచరు గారు కాగితం చూడకుండా పేర్లు పిలుస్తున్నారు.

"కార్యదర్శి గారు?"

"ఉన్నానండీ," అన్నారు బ్యాంకులో చేసి రిటైరైన కంకిపాడు పెద్దాయన.

"సాహెబు గారు?"

"హాజరండీ," అన్నారు వన్‌టౌన్‌లో బట్టల కొట్టున్న మా ఉపాధ్యక్షులు.

"డాక్టరు గారు?"

ఎవరూ పలకలేదు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. నా పక్కన చాప మీద ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. అంతా తల దించుకుని ఆ ఖాళీ వైపు కొద్దిగా ఒరిగినట్టు కూర్చున్నారు. అప్పుడు సాహెబు గారు నెమ్మదిగా, "ఉన్నారండీ," అన్నారు.

డాక్టరు గారు ఈ సత్రం మొదలుపెట్టినాయన. నేను చేరేనాటికే పోయారు. నా మొహం చూసి సాహెబు గారు నా వైపు వంగి, "భయపడకమ్మా. బతికున్నప్పుడూ ఇంతే, పిలిస్తే పలికేవారు కాదు," అన్నారు. టీచరు గారు కళ్ళజోడు పైనుంచి ఆయన్ని ఒక చూపు చూశారు.

అది మా సంఘం పద్ధతి. పోయిన సభ్యుల పేర్లూ పిలుస్తారు. ఏదైనా నిర్ణయం తీసుకునే ముందు, "ఈ విషయంలో డాక్టరు గారేమంటారు?" అని అడుగుతారు. ఆయన మాట చెవులారా విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పాలి. విననిది చెప్పకూడదు. "పోయినవాళ్ళ నోట్లో మన మాట పెడితే వాళ్ళు కాదనలేరు. అంతకంటే అన్యాయం ఉండదు," అనేవారు టీచరు గారు. విన్నవాళ్ళు లేకపోతే కాసేపు అందరం ఊరుకునేవాళ్ళం. ఆ కాసేపట్లో ఆస్పత్రి వైపు నుంచి ఎవరిదో ఏడుపు గాలికి వచ్చిపోతూ ఉండేది.

ఈ పద్ధతి వల్ల ఒకసారి పెద్ద పొరపాటే జరిగింది. ఆ రోజు జోరున వాన. కోరానికి సరిపడా వచ్చారని కార్యదర్శి గారు తేల్చారు, మీటింగు అయిపోయింది, నేనంతా రాసేశాను. మనిషికొకటని చెప్పి తెప్పించిన టీల్లో ఒకటి మిగిలిపోయింది. పళ్ళెంలో పొగలు కక్కుతూ అలాగే ఉంది.

"ఎవరు తాగలేదండీ?" అన్నారు టీచరు గారు.

అందరం తాగాం. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. కార్యదర్శి గారు గొంతు సవరించుకుని, "డాక్టరు గారిని కూడా కలిపేశానండీ," అన్నారు.

టీచరు గారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఆయన వచ్చారు, కాదనను. చెయ్యెత్తలేరు కదా," అని, మీటింగు మళ్ళీ పెట్టించారు. ఆ టీ మాత్రం ఎవరినీ తాగనివ్వలేదు. చల్లారేదాకా ఉంచి, తానే పెరట్లో మొక్కకి పోశారు.

రాత విషయంలో ఆవిడ పెట్టిన బాధ ఇంతా అంతా కాదు. ఆఫీసు కాగితాల్లో చూసి నేర్చుకుని నేను "నిర్ణయించడమైనది" అని గొప్పగా రాసేదాన్ని. కొట్టేసేవారు. "ఎవరు నిర్ణయించారే? పని జరుగుతోంది, చేసిన మనిషి కనిపించడం లేదు. ఇలాంటి వాక్యం దయ్యంతో సమానం. 'మేం నిర్ణయించాం' అని రాయి." ఆ రోజు నుంచి నాకు వాక్యాలు చదవగానే లోపల మనిషి ఉన్నాడో లేడో వెతకడం అలవాటైపోయింది.

సత్రం గుమ్మం పక్కన గోడవారగా చెప్పుల వరస ఒకటుంటుంది. అవి లోపల ఉన్నవాళ్ళవి కావు. తమ రోగి పోయాడని కబురు రాగానే పరుగెత్తి, శవంతో పాటు అంబులెన్సు ఎక్కి, చెప్పుల సంగతే గుర్తు లేకుండా ఊళ్ళకి వెళ్ళిపోయినవాళ్ళవి. అరిగిన హవాయి చెప్పులు, పిల్లల బూట్లు, కొత్తగా కొన్న జోళ్ళు. టీచరు గారు వాటిని పారేయనిచ్చేవారు కాదు. వారానికొకసారి కడిగించి, ముందు భాగం గుమ్మం వైపు తిప్పి పెట్టించేవారు. సాయంత్రం వెలుగులో చూస్తే కనిపించని మనుషులు వరసగా నిలబడి లోపలికి రావడానికి ఎదురుచూస్తున్నట్టుండేది.

"వాళ్ళు తిరిగొస్తారనాండీ?" అని అడిగాను ఒకసారి.

"పిచ్చిపిల్లా. ఉత్తకాళ్ళతో వచ్చేవాళ్ళుంటారుగా. వాళ్ళు వేసుకోవాలని."

మొన్న సత్రంలోనే ఆవిడకి కళ్ళు తిరిగాయి. సాహెబు గారూ, నేనూ పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఈ రోజు పోయారు.

ఇప్పుడు రేపటి సంగతి చెప్పాలి. సత్రం మేడ కారుతోంది, చూసుకునే మనుషులు తగ్గారు, ఉన్నవాళ్ళకి వయసు మీదపడింది. ఒక కోచింగు కాలేజీవాళ్ళు హాస్టలుకి అడుగుతున్నారు. ఇచ్చేయాలా, సత్రంగానే ఉంచాలా అన్నది రేపటి మీటింగులో తేలాలి. ఈ మధ్యాహ్నం టీచరు గారిని కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్ళాక, అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర కార్యదర్శి గారు నన్ను పక్కకి పిలిచారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రేపు మీటింగు ఆపొద్దమ్మా. చావుకి సెలవిస్తే ఆ సత్రానికి రోజూ సెలవేనని ఆవిడే అనేవారు. రేపు ఆవిడ పేరూ పిలవాలి. ఆవిడతో ఎక్కువ తిరిగింది నువ్వు. హాస్టలుకి ఆవిడ ఒప్పుకున్నారని నీ నోటితో చెప్పు. అలిసిపోయారమ్మా ఆవిడ. నువ్వు చూశావుగా."

సాహెబు గారు అక్కడే ఉన్నారు. "అలిసిపోతే కూర్చుంటారు, ఇల్లు ఇచ్చేస్తారా? వద్దన్నారని చెప్పమ్మా. ఆవిడ వద్దనే అంటారు, నాకు తెలుసు."

"మీకు తెలియడం వేరు, ఆవిడ అనడం వేరు సాహెబు గారూ."

"మరి మీరు చెప్పమంటున్నదేంటండీ?"

ఇద్దరూ ఆగిపోయి నా వైపు చూశారు. ఆ చూపులు నన్ను దాటి, నా వెనక మెట్ల మీద ఎవరో దిగివస్తుంటే చూస్తున్నట్టున్నాయి. వెనక్కి తిరగాలంటే భయం వేసింది.

నాకేమో సత్రం ఉండాలనే ఉంది. 'వద్దన్నారు' అనే ఒక్క మాట చెబితే చాలు, రేపు ఎవరూ కాదనరు. కానీ ఆవిడ ఆ మాట అనలేదు. కిందటి వారం ఆటోలో వస్తూ నేనే అడిగాను, "హాస్టలు విషయం మీరేమంటారండీ?" అని. ఆవిడ కాలువ వైపు చూస్తూ, "లోపల పడుకునేవాళ్ళని అడిగావా? వాళ్ళని అడక్కుండా నన్నడుగుతావేంటే?" అన్నారు. అంతే. ఆ తర్వాత కాకరకాయల ధర గురించి మాట్లాడారు.

సాయంత్రం సత్రానికి వెళ్ళాను. కాలువ మీద అప్పుడే మంచు దిగుతోంది. గుమ్మంలో నిన్ననే మైలవరం నుంచి వచ్చినావిడ కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. భర్త వార్డులో ఉన్నాడట. నన్ను చూసి, "నువ్వు సంఘం అమ్మాయివేగా? ఆవిడ రేపు ఏ వేళకి వస్తారమ్మా?" అంది.

"ఎవరండీ?"

"పొద్దున వాచ్‌మన్ ఫోనులో మాట్లాడారే, ఆవిడ. ఎవరొచ్చినా రాకపోయినా నేనుంటానన్నారు. మొన్నటి నుంచి ముద్ద దిగలేదమ్మా నాకు. ఆ మాట చెవినబడ్డాక ఇంత తినబుద్ధేసింది. ఒకసారి చూద్దామని."

చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ తెల్లవారుజామునే పోయారనీ, అది ముందెప్పుడో రికార్డు చేసిన మాటనీ చెప్పాను. మైలవరం ఆవిడ చేటలోంచి ఒక మట్టిబెడ్డ ఏరి పక్కన పడేసింది.

"పోయాకే అన్నారన్నమాట," అంది. "అయినా అన్నారుగా."

అప్పుడు చూశాను. గోడవారగా ఉన్న వరసలో, చివర, టీచరు గారి చెప్పులున్నాయి. గోధుమరంగువి, ఎడమదాని పట్టీకి నల్లదారంతో కుట్టు. మొన్న హడావిడిలో ఉత్తకాళ్ళతోనే తీసుకెళ్ళిపోయాం. ఎవరు సర్దారో తెలియదు, ముందు భాగం గుమ్మం వైపు తిప్పే ఉన్నాయి. వాచ్‌మన్‌ని అడిగాను. తాను ముట్టుకోలేదన్నాడు. నేను ఇంకెవరినీ అడగలేదు.

రేపు పొద్దున మొదటి సిటీబస్సుకి బయల్దేరతాను. అందరికంటే ముందు వెళ్ళి, లోపల పడుకున్న ఒక్కొక్కరినీ అడుగుతాను, ఈ ఇల్లు లేకపోతే మీరెక్కడ ఉండేవారని. మైలవరం ఆవిడని మీటింగుకి రమ్మన్నాను, వస్తానంది. ఆవిడ జవాబు ఆవిడే చెబుతుంది. కార్యదర్శి గారు పేర్లు పిలుస్తారు. "టీచరు గారు?" అన్నప్పుడు ఎవరూ పలకరు, ఫ్యాను కిర్రుమంటుంది, నేను "ఉన్నారండీ" అంటాను. ఆవిడ ఏమంటారని అడిగితే, ఆటోలో నన్నడిగిన ఆ ప్రశ్న ఒక్కటే, ఉన్నదున్నట్టు చెబుతాను. ఒక్క మాట కలపను. అన్నిటికంటే ముందు, గుమ్మం దగ్గర ఆగి, నా చెప్పులు ఆవిడ చెప్పుల పక్కన విడుస్తాను.