ఫిట్ అన్న మాట

1991లో నేను గోదావరిఖనిలో కార్మికుల దవాఖానలో సర్జికల్ ఓపీ సిస్టర్‌ని. నెలకోసారి వరంగల్ నుంచి ఒక క్యాన్సర్ డాక్టర్ వచ్చేవాడు. రోగులను చూసేవాడు గానీ, ఆయన అసలు ధ్యాస ఒక పరిశోధన మీద ఉండేది. బాయి దిగే కార్మికుల నోళ్ళలో తెల్లమచ్చలు ఎందరికి వస్తున్నాయి, వాటిలో ఎన్ని క్యాన్సర్‌గా మారుతున్నాయి అన్నది ఆయన వెతుకులాట. బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటారు. లోపల గ్యాస్ ఉంటుందన్న భయంతో బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. అందుకని షిఫ్టు షిఫ్టంతా దవడలో తంబాకు, సున్నం. పేలుడు నుంచి మనిషిని కాపాడే నియమం దవడను తినేస్తున్నదని నేను అంటే వినేవాళ్ళకు నచ్చేది కాదు. నేను అంటూనే ఉండేదాన్ని.

కొమురయ్య కోల్‌ఫిల్లర్, అంటే బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపేవాడు. యాభై దాటాయి. నోరు తెరవమంటే, "లోపల బొగ్గేం లేదు సిస్టరమ్మా, అంత నింపిన" అన్నాడు. ఎడమ దవడలో వేలిగోరంత పుండు. బయాప్సీ చేశారు, అంటే చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని తేలింది.

డాక్టర్ మాత్రం సంతోషంగానే చెప్పాడు. "మంచి సమయంలో దొరికింది. హైదరాబాద్‌లో ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్. నయమైపోతుంది. మళ్ళీ డ్యూటీకి ఫిట్ అవుతావు."

క్యాన్సర్ అన్నప్పుడు కదలని మనిషి ఫిట్ అనగానే స్టూలు మీంచి లేచాడు.

"ఫిట్టా? అన్‌ఫిట్ గాదా సార్?"

డాక్టర్ నవ్వాడు. ఆయన బయటివాడు, ఆయనకు తెలియదు. మెడికల్ బోర్డు కార్మికుణ్ణి అన్‌ఫిట్ అని తేలిస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చేది. రిటైర్మెంటు దగ్గరపడితే ఆ దారి మూసుకుపోయేది. అన్‌ఫిట్ అయినవాడి ఇంట్లో దావత్ చేసేవాళ్ళు. ఫిట్ అని తిప్పి పంపినవాడి భార్య మా వరండాలో కూర్చుని శోకాలు పెట్టేది. ఇంకెక్కడైనా దేవుడికి మొక్కి అడిగే మాట మా ఊళ్ళో శాపం.

కొమురయ్య హైదరాబాద్ పోలేదు. నెల చూసి నేనే ఆయన క్వార్టర్‌కు వెళ్ళాను.

"ఏంది కాకా, ఇంకా పోలేదు? ముహూర్తం చూస్తున్నవా?"

"పోత బిడ్డా. బోర్డు ఐనంక పోత."

"అప్పటిదాక అది ఆగుతదా? నీ చుట్టమా?"

"ఇప్పుడే కోయించుకుంటె బోర్డోళ్ళు ఏమంటరు? మంచిగైనవ్, పోయి బాయిల దిగు అంటరు. జర పెరగనియ్యి. వాళ్ళ కండ్లకు కనవడాలె గద."

ఆయన భార్య లచ్చవ్వ వైపు తిరిగాను. "నువ్వన్న చెప్పవేంది అవ్వా?"

"ఏం చెప్పాలె? మీ ఇంట్ల మొగనికి, పెండ్లానికి ఇద్దరికి కొలువులున్నయ్. మాట్లాడొచ్చు. మా పోరడు డిగ్రీ జేసి లారీల మీద క్లీనర్ లెక్క తిరుగుతండు."

ఆ కొడుకు మంచం మీదే ఉన్నాడు. "మీ అయ్య పుండు మీద నిలబడి నౌకరి చేస్తవా తమ్మీ?" అన్నాను.

"నేనేమన్న అడిగిన్నా అక్కా?"

అడగలేదు. వద్దని కూడా అనలేదు. ఆ ముక్క అక్కడే అన్నాను. లచ్చవ్వ లేచి నా చెయ్యి పట్టుకుని గడప దాటించింది.

చదువులేని జనం అని మీరు పెదవి విరుస్తారని తెలుసు. విరవకండి. క్యాన్సర్ ఏం చేస్తుందో కొమురయ్య పక్క క్వార్టర్‌లోనే చూశాడు. ఆయన పొరపాటు వేరే. పుండు కూడా తనలాగే హాజరు పిలిస్తే వస్తుంది, ఆగమంటే ఆగుతుంది అనుకున్నాడు. బోర్డుకు కనబడేంత పెంచి, కొలువు రాగానే కోయించుకుందామనుకున్నాడు.

బోర్డు పిలుపు ఎండాకాలంలో గానీ రాలేదు. అప్పటికి చెంప బయటికి తూటు పడింది. నోరు చెంచా పట్టనంతగా బిగుసుకుపోయింది. బోర్డు ఎక్కువసేపు చూడలేదు. అన్‌ఫిట్. ఆ వారమే హైదరాబాద్ తీసుకుపోయారు. కోయడానికి ఏమీ మిగల్లేదని, నొప్పికి మందులు రాసి పంపారు.

దావత్ చేశారు. యాట కోశారు. నన్ను గడప దాటించిన లచ్చవ్వే వచ్చి పిలిచింది. కొమురయ్య చెంపకు తువ్వాల అడ్డం పెట్టుకుని గ్లాసులో మాంసం శోర్వ తాగుతున్నాడు. సగం తువ్వాలలోకే పోతున్నది.

"తిను బిడ్డా," అన్నాడు, మాట ముద్దముద్దగా. "నా పాలు గూడ నువ్వే తిను. మస్తు కొట్లాడినవ్ నాతోని."

ముద్ద దిగలేదని రాస్తే బాగుంటుంది. తిన్నాను. తినకపోతే ఆయనకు దక్కిన ఒకే ఒక్క గెలుపునూ నేను కాదన్నట్టు అయ్యేది.

కొమురయ్య ఆ దసరా చూడలేదు. కొడుకు డ్యూటీలో చేరాడు.

డాక్టర్ తన పరిశోధన రాసుకుంటూ, కొమురయ్య లాంటివాళ్ళను 'అవగాహన లేక చికిత్స నిరాకరించినవారు' అన్న వరుసలో వేశాడు.

"అవగాహన లేక కాదు సార్," అన్నాను. "నయమవుతుందని మీరన్నది ఆయనకు మంచిగ అర్థమైంది. అందుకే పోలేదు."

"అది సైన్సులోకి ఎలా వస్తుంది సిస్టర్?"

"మరి చచ్చిపోవడం ఎట్ల వచ్చింది?"

ఆయన ఆ వరుస మార్చలేదు.

నయమవుతుందన్నది శుభవార్త అని మనకు మనమే అనుకోకూడదని ఆ కేసు నాకు నేర్పింది. అప్పటినుంచి రిపోర్టు చేతికివ్వకముందే అడిగేదాన్ని: "ఇంట్ల కొలువు కోసం చూసే పోరడున్నడా?" ఉన్నాడంటే అక్కడే తలుపు వేసి కొట్లాటకు దిగేదాన్ని. కొందరు ఆ సాయంత్రం బస్సుకే హైదరాబాద్ పోయారు. ఎక్కువమంది నా మాట ఓపికగా విని, లేచి, "బోర్డు ఐనంక పోత సిస్టరమ్మా" అన్నారు.