పోశమ్మ అడిగిన నీళ్లు

శామీర్‌పేట చెరువు కట్ట మీద ఎండపూట ఉరికే మనిషి కుర్మయ్య ఒక్కడే. జీడిమెట్ల మందుల కంపెనీలో పొద్దుటి డ్యూటీ దిగి, బస్సులో వచ్చి కట్టెక్కేసరికి ఎండ ఇంకా మాడ్చేస్తుండేది. తల్లిదండ్రులు లేరు. కిరాయి గదిలో ఒంటరి బతుకు. కానిస్టేబుల్ సెలక్షన్‌కు వయసు ఆ ఏడాదితో దాటిపోతుంది. పరుగు గెలిస్తేనే కొలువు.

కట్ట కింద బర్లు కాసే శంకరమ్మ ఒక్కతే రోజూ పలకరించేది.

"ఏంది కొడుకా, దయ్యం తరుముతాందా?"

"కొలువు కోసం అవ్వా."

"గీ ఎండల ఉరికితే కొలువిస్తరో, దవాఖాన్ల మంచమిస్తరో! రా, ఇన్ని సల్లటి నీళ్లు తాగి పో."

తాగేవాడు కాదు. కడుపులో నీళ్లుంటే ఒళ్లు బరువవుతుందని అతని నమ్మకం.

మే నెలలో ఒకనాడు కట్ట నడుమకు వచ్చేసరికి అతనికి చెమట ఆగిపోయింది. అంత ఎండలోనూ ఒళ్లంతా గగుర్పొడిచి చలి పుట్టింది. కళ్లు తేలేసి, ఊగుతూ ఏదో గొణుగుతున్నవాణ్ని చూసి శంకరమ్మ చేతులు జోడించింది.

"పోశమ్మ తల్లి పిల్లగాని మీదికొచ్చిందే!" అని బట్టలుతికే ఆడవాళ్లను కేకేసింది. "ఏం గావాలె తల్లీ?"

"నీళ్లు..." అన్నాడు కుర్మయ్య.

"తల్లి నీళ్లడుగుతాంది, జల్ది తెండ్రి!"

పూనకం వచ్చినవాళ్లకు చేసినట్టే చేశారు. నీడకు తెచ్చి, బిందె వెనక బిందె తల మీద కుమ్మరించి, వేపమండలతో విసిరారు. వణుకు తగ్గాక శంకరమ్మ అతనికి నీళ్లు తాపి, పాదాలకు మొక్కింది.

ఆ సాయంత్రమే సర్కారు దవాఖానకు వెళ్తే డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "ఒంట్లో వేడి బయటికి పోయేది చెమటతోనే. అది ఆగిపోయింది. నిన్ను తడిపినవాళ్లే బతికించారు. మళ్లీ అట్లా చలి పుడితే ఉన్నచోటే ఆగిపో."

ఆ మాట శంకరమ్మకు చెప్పడానికి కుర్మయ్యకు నోరు రాలేదు. అంతమంది చేతులకు బిందెలందించింది తల్లి కాదనడానికి తనెవరు? కానీ ఆనాటి నుంచి ఆమె ఎగతాళి మానేసింది. అతను కనబడితే లేచి నిలబడేది. బట్టలుతికేవాళ్లు దారి వదిలేవారు. ఉన్న ఒక్క పలకరింపూ దణ్ణమైపోయింది.

కొన్నాళ్లు ఆగి, చల్లని పూట, నీళ్లు తాగుతూ మెల్లగా మళ్లీ మొదలుపెట్టాడు. సెలక్షన్ నాడు అతని వంతు వచ్చేసరికి మైదానంలో ఎండ ముదిరింది. సగం దూరం దాటాక మళ్లీ ఆ చలే పుట్టి, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ముందువాళ్లు దూరమవుతున్నారు. ఇంకో ఏడాది లేదు. కుర్మయ్య ఆగి, గీత పక్కకు జరిగి కూర్చున్నాడు. ముసలి హెడ్‌కానిస్టేబుల్ ఒకాయన ఏమీ అడగకుండా తన సీసాలోని నీళ్లు అతని తల మీద పోశాడు.

సాయంత్రం కట్ట మీద శంకరమ్మ ఎదురొచ్చింది. "గెలిచినవా తండ్రీ?"

"నడుమల కూసున్న అవ్వా. పానం పోతదనిపించింది. ఇగ అయిపోయింది."

ఆమె కళ్లు తుడుచుకుంది. "తల్లే కూసుండబెట్టింది."

"నాతోని మునుపటి లెక్క మాట్లాడరాదు అవ్వా?"

"ఎట్ల మాట్లాడుదు బిడ్డా? తల్లొచ్చిన ఒళ్లాయె."

సద్దిలో మిగిలిన జొన్నరొట్టెను రెండు చేతులతో, నైవేద్యం ఇచ్చినట్టు అందించి, బర్లను తోలుకుని వెళ్లిపోయింది. రొట్టె తిని కుర్మయ్య గదికి నడిచాడు. తెల్లారితే డ్యూటీ. కంపెనీ చొక్కా ఉతికి తీగ మీద ఆరేశాడు.